మన యాసలో గెంతించే పాట రావాలి

ఈరోజు చెరుకు గురించీ బెల్లం రేటు గురించీ కాదు, ఒక పాట గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి.

మా చిన్నోడు గాజువాకలో రూము తీసుకుని చదువుతున్నాడు. పండక్కి వచ్చి, చెరుకు లోడు ఎత్తుతుంటే ఫోన్లో ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. ముక్క అర్థం కాలేదు గానీ, మోపులు మోసేవాళ్ల అడుగులు ఆ దరువుకే పడ్డాయి. "ఏట్రా ఇది?" అంటే చెప్పాడు. నెల్లీ అనే ర్యాపర్ అట. అమెరికా మధ్యలో, మిసిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయిస్ ఊరోడు. 2000లో 'కంట్రీ గ్రామర్' పాటతో పైకొచ్చాడు. పల్లెటూరి వ్యాకరణం అనుకోండి.

తన ఊరి యాస దాచుకోకుండా, సాగదీసి, సగం మాటలా సగం పాటలా పాడాడు. ఆ పల్లవికి మూలం అక్కడి పిల్లలు చేతులు చరుచుకుంటూ ఆడే ఆటపాట. మన చెమ్మచెక్క లాంటిదన్నమాట. ఆ ఆల్బమ్ అమెరికాలోనే కోటి దాటింది.

"మరి నువ్వు కాలేజీలో మన యాస మాట్లాడతావా?" అనడిగాను. తలొంచుకున్నాడు. మొదట్లో 'ఏటి' అన్నాడని పక్కవాళ్లు నవ్వారట. అప్పట్నుంచి నోరు విప్పడమే తగ్గించేశాడు.

నా బాధంతా అక్కడే. సినిమాల్లో మన యాస ఎక్కువగా నవ్వించడానికే వాడారు. కానీ వంగపండు ప్రసాదరావు గారు ఏం చేశారు? విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ, ఇదే యాసలో కష్టజీవుల పాట కట్టి రాష్ట్రమంతా ఊపేశారు. ఆయన 2020లో పోయారు. ఆయన పాట పోరాటం కోసం, నెల్లీ పాట సరదా కోసం. దారులు వేరైనా, ఇద్దరూ ఇంట్లో మాట్లాడే మాటనే పాటలో పెట్టారు. హైదరాబాద్ నుంచి రోల్ రైడా కూడా 'పతంగ్' అని గాలిపటాల మీద గల్లీ భాషలో ర్యాప్ చేస్తే కుర్రాళ్లు ఎగబడి విన్నారు.

పార్టీ పాటల్లో తాగుడు, డబ్బు గొప్పలు, ఆడపిల్లల మీద తేలిక మాటలు ఉంటాయి. అవి నాకు నచ్చవు, మన పిల్లలకీ వద్దు. ఆ హుషారు తీసుకుంటే చాలు. బుద్ధులు చెప్పే పాటకి తలూపి వెళ్లిపోతాం. ఆడించే పాట నోట్లో ఉండిపోతుంది, దాంతోపాటు యాసా ఉండిపోతుంది. ఒకసారి దానికి గెంతినోడు మళ్లీ ఆ యాసని ఎక్కిరించలేడు.

స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సు మీద, చేపలరేవు మీద, మా బెల్లం పొయ్యి మీద ఒక గుంటడు 'ఏటి' అంటూ ర్యాప్ కడితే ఎలా ఉంటాదో ఆలోచించండి. మా వాడికీ అదే చెప్పాను. "నీకు రాదులే నాన్నా" అన్నాడు గానీ, రాత్రి మా అమ్మ పక్కన కూర్చుని పాత ఆటపాటలు అడిగి ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

మీ ఊళ్లో ముసలమ్మలకి ఏవైనా గుర్తుంటే ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఉంటాను.