గుర్రం పేరుతో జూవా దుకాణం

పోయిన జుమా నమాజ్ తర్వాత సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మా భాంజా నాతో బహస్‌కు దిగాడు. "మామూ, మనవాళ్లు గోవా పోయి పడవ క్యాసినోల్లో డబ్బు పోగొట్టుకుంటున్నారు. కొందరు శ్రీలంక దాకా పోతున్నారు. అదేదో ఇక్కడే పెడితే సర్కారుకు టాక్స్ వస్తుంది కదా! రేసు క్లబ్బుల హాలత్ కూడా ఏం బాగాలేదు. రేసుకోర్సులోనే క్యాసినోకు ఇజాజత్ ఇస్తే గుర్రాలూ బతుకుతాయి, సయీసులూ బతుకుతారు" అన్నాడు.

వాడు నమాజీ. పత్తా ముట్టడు. అందుకే నాకు ఫికర్ ఎక్కువైంది. ఆడేవాడు అడిగితే అర్థం చేసుకోవచ్చు. ఆడనివాడు కూడా దాని తరఫున దలీల్ వెతికి తెస్తున్నాడంటే ఆ మాట మన ఇళ్లలోకి వచ్చేసిందన్నమాట.

రేసు క్లబ్బుల తక్లీఫ్ అబద్ధం కాదు. 2023 అక్టోబర్ 1 నుంచి పందెం కాసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం అయింది. చెన్నైలో 2024 సెప్టెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం గిండీ రేసుకోర్సు లీజు రద్దుచేసి 160 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. మన మలక్‌పేట రేసుకోర్సుకూ పెద్ద చరిత్రే ఉంది. నిజాముల కాలంలో రేసులు మన సికింద్రాబాద్ పక్కనే మౌలాలీలో మొదలయ్యాయి. వాటిని మలక్‌పేటకు తెచ్చింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్.

ఇక్కడ మన దీన్ చెప్పే ఒక బారీక్ విషయం చాలామందికి తెలియదు. గుర్రప్పందెం అనగానే హరామ్ అనేస్తారు. అలా కాదు. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాలో స్వయంగా గుర్రాల పోటీలు పెట్టించారు. తర్ఫీదు ఇచ్చిన గుర్రాలకు దూరం ఎక్కువ, తర్ఫీదు లేనివాటికి తక్కువ. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఆ పోటీలో పాల్గొన్నారని సహీ బుఖారీలో ఉంది. గుర్రం, ఒంటె, బాణం పోటీల్లో ఇనామ్ ఇవ్వడం కూడా జాయెజే. అయితే ఇనామ్ హాకిమ్ ఇవ్వాలి, లేదా పోటీతో సంబంధం లేని మూడోవాడు ఇవ్వాలి. ఇద్దరూ డబ్బు పెట్టి, ఓడినవాడిది గెలిచినవాడు పట్టుకుపోతే అది ఖిమార్. స్టాండులో కూర్చుని ఎవరిదో గుర్రం మీద డబ్బు కాసేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే పరుగు హలాల్, దాని మీద కాసే పందెం హరామ్. క్యాసినో అడిగేవాళ్లు ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి మనకు అమ్ముతున్నారు.

మన కానూన్ వేసే సవాల్ వేరు. ఆట కిస్మత్‌దా, హునర్‌దా అని అడుగుతుంది. దీని వెనక మన సికింద్రాబాద్ కేసే ఉంది. 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. పేరు చూడండి, హిలాల్! రమ్మీ ఆడేవాళ్లను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబర్‌లో తీర్పు రాసింది జస్టిస్ హిదాయతుల్లా. రమ్మీలో పత్తాలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది మూడు పత్తాల ఆటలాంటిది కాదని అన్నారు. రమ్మీ కంపెనీలు ఈ ఫైసలా పట్టుకునే వకాలత్ చేశాయి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట పెట్టినవాడు దాని మీద మునాఫా చేసుకుంటే అది జుర్మ్ కావచ్చు. ఆ మాట ఎవరూ ఎత్తరు. 1996లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందేలనూ హునర్ ఖాతాలోనే వేసింది.

ఈ హునర్ అన్న మాట మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. మా పెద్ద మామూ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. రేసు ఉన్న రోజు చంకలో రేసు బుక్కు, చెవిలో పెన్సిల్. గుర్రం తల్లి ఎవరు, తండ్రి ఎవరు, మోసే బరువెంత, జాకీ ఎవరు, అన్నీ నోటికి వచ్చేవి. "ఇది జూవా కాదు బేటా, హిసాబ్" అనేవారు. ఆ హిసాబ్‌లో మొదట పోయినవి మా ముమానీ చెవి బాలీలు. గిర్వీ పెట్టిన దుకాణం నుంచి అవి వెనక్కి రాలేదు. ముమానీ రాత్రిళ్లు చీరలకు ఫాల్ కుట్టి ముగ్గురు పిల్లల ఫీజు కట్టింది. పెద్దమ్మాయి నిస్బత్ రెండుసార్లు తప్పిపోయింది, ఖర్జ్ సంగతి బయటికి తెలిసి. 1996 తీర్పు నాటికి మామూ లేరు. ఉండి ఉంటే ఆ పేపర్ కటింగ్ జేబులో పెట్టుకుని తిరిగేవారు.

ఆయన హిసాబ్ తప్పని నేను అనడం లేదు. కొన్నిసార్లు గెలిచారు కూడా. గెలిచిన రోజు ఆ డబ్బు ఎవరిది? ఇంకో ముమానీ బాలీలది. ఆట హునర్‌దైనా, కిస్మత్‌దైనా, డబ్బు వచ్చే జేబు అదే కదా.

ఇక క్యాసినో పెడితే గుర్రాలు బతుకుతాయనే దావా. మకావ్‌లో క్యాసినోలు ఎన్ని ఉన్నాయో లోకమంతా ఎరుగును. అక్కడి జాకీ క్లబ్బు 2024 మార్చిలో ఆఖరి రేసు నడిపి మూతపడింది. సింగపూర్‌లో 2010లో రెండు క్యాసినోలు తెరిచారు. 2024 అక్టోబర్‌లో క్రాంజీ మైదానంలో ఆఖరి రేసు జరిగింది. నూట ఎనభై ఏళ్లు దాటిన క్లబ్బు అది. అయితే అక్కడ సర్కారుకు జమీన్ కావలసి వచ్చింది, క్యాసినో వల్లే మూసేశారని నేను అనను. కానీ క్యాసినోలు ఉన్నంత మాత్రాన గుర్రం బతకలేదు. అమెరికాలో చికాగో దగ్గర ఆర్లింగ్టన్ పార్క్ కథ ఇంకా సాఫ్‌గా ఉంది. రేసును బతికించడానికి క్యాసినో కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 2019లో కానూన్ ఇజాజత్ ఇచ్చింది. ఈలోగా ట్రాక్ మాలిక్ కంపెనీకి పక్క ఊళ్లోని ఇంకో క్యాసినోలో హిస్సా దొరికింది. ఇక ట్రాక్‌లో క్యాసినో కోసం దర్‌ఖాస్తే పెట్టలేదు. 2021 సెప్టెంబర్‌లో రేసులు ఆపేసి, తర్వాత ఆ జమీన్‌ను ఒక ఫుట్‌బాల్ టీముకు అమ్మేసింది. అయినా మెషీన్‌కు గడ్డి వేయనక్కర్లేదు, నాల్ కొట్టనక్కర్లేదు. అంత మునాఫా రుచి చూసిన మాలిక్ గుర్రాన్ని ఎందుకు పోషిస్తాడు?

గోవా పేరెత్తేవాళ్లు ఇంకోటి కూడా చెప్పాలి. 2020 ఫిబ్రవరి నుంచి గోవావాళ్లు తమ క్యాసినోల్లోకి పోకూడదని అక్కడి సర్కారే పాబందీ పెట్టింది. సింగపూర్ తన పౌరుల దగ్గర గేటులోనే 150 డాలర్లు వసూలు చేస్తుంది. సొంత పిల్లలకు పెట్టనిది మెహ్మాన్‌లకు వడ్డిస్తున్నారు. హైదరాబాద్‌లో పెడితే ఆ మెహ్మాన్ ఎవరు? మన బస్తీ కుర్రాడే. పోన్లో బెట్టింగ్ ఆడి ఖర్జ్ తెచ్చుకునే కుర్రాళ్లు మొహల్లాలో ఇప్పటికే ఉన్నారు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని బంద్ చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఒక తలుపు మూసి ఇంకో పెద్ద దర్వాజా తెరవడంలో అఖ్ల్ ఏముంది?

టాక్స్‌తో గరీబులకు పథకాలు నడుస్తాయి కదా అంటారు. జాహిలియ్యా కాలంలో అరబ్బులు ఒంటెను కోసి, బాణాలు తీసి వంతులు వేసుకునే మైసిర్ ఆడేవారు. గెలిచిన గోష్త్ చాలాసార్లు గరీబులకే పంచేవారని ముఫస్సిర్లు రాశారు. సూరె బఖరా 219వ ఆయత్ ఆ ఫాయిదా లేదనలేదు. ఫాయిదా ఉంది, గునాహ్ దానికంటే పెద్దది అన్న మత్లబ్‌తో చెప్పింది. ఆకలిగా ఉన్నవాడికి మాంసం దొరికే ఆటను కూడా తర్వాత సూరె మాయిదాలో పూర్తిగా మనా చేశారు.

"మరి సయీసుల రోజీ?" అని అడిగాడు భాంజా. ఆ సవాల్‌కు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గుర్రం మాలీష్ చేసే సయీసు, నాల్ కొట్టే నాల్‌బంద్, తెల్లారకముందే గుర్రాన్ని తిప్పే రైడర్ కుర్రాడు, వీళ్లలో మన బిరాదరీవాళ్లూ ఉన్నారు. వాళ్లు చేసే పని హునర్, అందులో ఖిమార్ లేదు. కానీ పందెం లేకపోతే ఇంత పెద్ద తబేలాల ఖర్చు నడవదు, అది దాచి లాభం లేదు. పోలీసుల గుర్రాలకు, రైడింగ్ స్కూళ్లకు, పశువుల ఆసుపత్రులకు ఈ చేతులు కావాలి. రేసు జమీన్ గురించి సర్కారు ఏ ఫైసలా చేసినా ముందు వీళ్ల జీతం బాకీలు, ఇళ్లు, కొత్త పని తేలాలి. క్యాసినో దర్‌ఖాస్తులో వీళ్ల పేర్లు రాసేవాళ్లు మునాఫాలో వీళ్లకెంత హిస్సా ఇస్తారో కూడా కాగితం మీద రాయాలి.

మలక్‌పేట తబేలాల్లో పనిచేసే భాయిలు ఈ బస్తీల్లో చాలామంది ఉన్నారు. వచ్చే ఇత్వార్ మా మస్జిద్‌లో అసర్ తర్వాత వాళ్లతో కూర్చోవాలనుకుంటున్నాం. మీ ఇంటి పక్కన ఎవరైనా ఉంటే వెంటబెట్టుకు రండి. భాంజా కూడా వస్తానన్నాడు.