కిడ్నీ వీక్ అంటే... ఏ కిడ్నీ?

‘మీ కిడ్నీ వీక్‌గా ఉందండీ...’

ఆక్యుపంక్చర్ చేసే ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, నాలుక చాపమని చూసి ఈ మాట అన్నాడనుకోండి. చైనాలో అయితే ఎవరూ పెద్దగా కంగారు పడరు. అక్కడ అది వీధి వీధినా వినిపించే మాటే. నడుం నొప్పి, మోకాళ్లలో సత్తువ లేకపోవడం, చెవిలో హోరు, చిన్న వయసులోనే జుట్టు నెరవడం... ఇవన్నీ చైనా సంప్రదాయ వైద్యంలో ‘కిడ్నీ బలహీనత’ ఖాతాలోకే వెళ్తాయి. అదే మాట విశాఖపట్నంలో అంటే? ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర పట్టదు. పట్టకపోవడంలో తప్పు లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీలు పాడై కేజీహెచ్‌కి వచ్చేవాళ్లని ఈ ఊరు ఏళ్ల తరబడి చూస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కొబ్బరితోటలకీ, జీడిమామిడికీ పేరుపడ్డ ఊళ్లు. ఇప్పుడా పేరు చెప్తే ముందుగా గుర్తొచ్చేది డయాలసిస్.

మాట ఒక్కటే. దాని వెనకున్న కిడ్నీలు మాత్రం రెండు.

చైనా వైద్యానికి మూలగ్రంథం ‘హువాంగ్ డీ నైజింగ్’. అంటే పసుపు చక్రవర్తి అంతర్గత వైద్యం. దాదాపు రెండువేల ఏళ్ల కిందటిది. ఒంట్లో ప్రధానమైన అవయవాలు అయిదని అది చెబుతుంది. గుండె, కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. వీటికి తోడు పొట్ట, పేగుల్లాంటివి మరో ఆరు. ఆ ఆరింటిలో ఒకదానికైతే రూపమే లేదు. ‘మూడు పొయ్యిలు’ అని దాని పేరు. ఎంత కోసి చూసినా కనపడదు. అయినా ఒంట్లో నీటి దారులన్నీ దాని అజమాయిషీలోనే ఉంటాయట!

ఇక్కడే అసలు సంగతి బోధపడుతుంది. ఆ గ్రంథం అవయవాన్ని మాంసపు ముద్దగా చూడదు, కొలువులో ఉద్యోగిగా చూస్తుంది. గుండె రాజు. ఊపిరితిత్తులు మంత్రి. కాలేయం సేనాపతి. ప్లీహం, పొట్ట కలిసి ధాన్యాగారం చూసుకునే అధికారులు. విశాఖ వాళ్లకి ఈ లెక్క తేలిగ్గానే పట్టుబడుతుంది. పోర్టు అంటే ఒక్క క్రేనూ కాదు, ఒక్క బెర్తూ కాదు. ఓడని లోపలికి తెచ్చే పైలట్, సరుకు దించే కార్మికుడు, గోదాము గుమస్తా, గూడ్స్ బండి... అందరి పనీ కలిస్తేనే పోర్టు. చైనా వైద్యుడు ‘కిడ్నీ’ అన్నప్పుడు అలాంటి ఒక శాఖ పేరు చెబుతున్నాడన్నమాట. పుట్టుకతో వచ్చిన సత్తువని దాచిపెట్టడం, ఎముకల బలం, చెవులు, తల వెంట్రుకలు, సంతానం, చివరికి భయం కూడా ఆ శాఖ కిందవే.

భయం అవయవంలో ఉండటమేమిటని నవ్వక్కర్లేదు. తెలుగువాళ్లం ధైర్యాన్ని గుండెలో పెట్టుకుంటాం. జాలేస్తే కడుపు తరుక్కుపోతుందంటాం. పిల్లల మీద మమకారాన్ని పేగుబంధం అంటాం. ఎవరైనా తిక్కగా మాట్లాడితే పైత్యం ఎక్కువైందంటాం. వాళ్లు కోపాన్ని కాలేయంలో, దుఃఖాన్ని ఊపిరితిత్తుల్లో, ఆలోచనని ప్లీహంలో పెట్టారు, అంతే.

అలాగే సమతౌల్యమన్నదీ మనకి కొత్త కాదు. మామిడిపండు వేడి చేస్తుందని, మజ్జిగ చలవని చెప్పని బామ్మ ఏ తెలుగింట్లోనైనా ఉంటుందా? వాత పిత్త కఫాలు మూడూ సమంగా ఉంటే ఆరోగ్యం అని ఆయుర్వేదం అంటే, యిన్, యాంగ్ సరితూగితే ఆరోగ్యం అని చైనా వాళ్లన్నారు. ఎటొచ్చీ పంచభూతాల దగ్గర దారులు కాస్త వేరయ్యాయి. మన అయిదింటిలో గాలి, ఆకాశం ఉన్నాయి. వాళ్ల అయిదింటిలో ఆ రెండూ లేవు. వాటి బదులు కొయ్య, లోహం ఉన్నాయి. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఇవి పదార్థాలు కూడా కావు, ఒకదాని నుంచి ఒకటి పుట్టే దశలు. కొయ్య నిప్పుని పుట్టిస్తుంది. నిప్పు బూడిదై మట్టవుతుంది. మట్టి లోహాన్ని కంటుంది. బైలదిల్లా కొండల మట్టి కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా దిగివచ్చి ఉక్కు అయ్యే ఊళ్లో దీనికి వేరే రుజువు అక్కర్లేదు. లోహం నీటిని పుట్టిస్తుందన్నదే కాస్త చిక్కు. చల్లటి లోహం మీద పట్టే చెమ్మని చూపించి సరిపెడతారు. ఆ నీటితోనే మళ్లీ చెట్టు పెరుగుతుంది.

పుట్టించడమే కాదు, అదుపు చేయడం కూడా ఉంది. నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుమే కరిగిపోయే మంటకి నది పేరు పెట్టినవాళ్లు చైనా శాస్త్రం చదివి ఉండరు గానీ, చదివినవాళ్లు చూస్తే మెచ్చుకుంటారు!

ఈ అయిదింటినీ అయిదు అవయవాలకి అంటగట్టారు. కొయ్య కాలేయం, నిప్పు గుండె, మట్టి ప్లీహం, లోహం ఊపిరితిత్తులు, నీరు కిడ్నీ. లోహం నీటికి తల్లి కాబట్టి, బిడ్డ నీరసిస్తే తల్లికి బలం పట్టాలని ఒక సూత్రం. అందుకే ‘కిడ్నీ వీక్’ అని చెప్పి ఊపిరితిత్తుల నాడి మీద సూది గుచ్చినా ఆశ్చర్యం లేదు. లెక్కగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒళ్లు ఆ లెక్క ప్రకారం నడుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న చైనాలోనే ఒకాయనకి వచ్చింది. పేరు వాంగ్ చింగ్‌రెన్. 1768లో పుట్టాడు. పాత గ్రంథాల్లో అవయవాల బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగట్లేదని ఆయన బాధ. 1797లో పసిపిల్లల్ని పొట్టన పెట్టుకున్న అంటువ్యాధి ఒకటొచ్చింది. పేదలు బిడ్డల శవాల్ని చాపల్లో చుట్టి పైపైన పూడ్చి వెళ్తే కుక్కలు లాగేసేవి. వాంగ్ ముక్కు మూసుకుని రోజూ అక్కడికి వెళ్లి, బయటపడ్డ అవయవాల్ని చూసి రాసుకున్నాడు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర సంగతి తేల్చుకోవడానికి ఆయనకి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1830లో పుస్తకం వేశాడు. పెద్దల పొరపాట్లని దిద్దడమే దాని పని. చిత్రమేమిటంటే, చనిపోయినవాళ్ల ధమనులు ఖాళీగా కనిపించేసరికి వాటిలో గాలి పారుతుందని ఆయనా పొరబడ్డాడు. అయినా సరే, అవయవం గురించి మాట్లాడాలంటే అవయవాన్ని చూడాలన్న పట్టుదల ఆయనది.

మరి ‘షెన్’ అనే చైనా మాట మన దగ్గరికి కిడ్నీగా ఎలా వచ్చింది? పదిహేడో శతాబ్దంలో చైనా వెళ్లిన యూరప్ మిషనరీలు, వైద్యులు అక్కడి మాటలకి తమ శరీరశాస్త్రంలోని పేర్లు పెట్టేశారు. ఆ పేర్లు ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి దిగాయి. శాఖ పేరు కాస్తా అవయవం పేరైపోయింది. ప్లీహం సంగతి మరీ అన్యాయం. చైనా వైద్యంలో తిండి అరగడానికి అదే పెద్ద. ఆసుపత్రి లెక్కలో ప్లీహానికి జీర్ణంతో సంబంధమే లేదు. ముసలి రక్తకణాల్ని ఏరివేయడం, రోగనిరోధకం దాని పని.

పేర్లు తారుమారైతే ఏం జరుగుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే క్లినిక్ ఒకటి చైనా మూలికలు కలిపిన గుళికలు ఇచ్చింది. అందులో ఉండాల్సింది ‘హాన్ ఫాంగ్ జీ’. పేరులో పోలిక వల్ల దాని బదులు ‘గ్వాంగ్ ఫాంగ్ జీ’ పడింది. అది అరిస్టొలోకియా జాతి మొక్క. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. అసలు కిడ్నీలే! కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఈ ముచ్చట దూరదేశానిదని కొట్టిపారేయకూడదు. మన పల్లెల్లో పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు, గాడిదగడప ఈ జాతివే. చెట్టు మందు కాబట్టి చెడు చెయ్యదన్న ధీమా వీటి దగ్గర పనికిరాదు.

అలాగని చైనా మందులన్నీ ఉత్తవే అనడం కూడా సరికాదు. పాడేరు ఏజెన్సీలో ప్రమాదకరమైన మలేరియాకి ఇచ్చే మందులో ఉండే ఆర్టిసునేట్‌కి పుట్టిల్లు చైనావారి ‘చింగ్ హావ్’ మొక్క. నాలుగో శతాబ్దపు పుస్తకంలో దాన్ని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంటే, టూ యూయూ ఆ సూచన పట్టుకుని 1970ల తొలినాళ్లలో మందు తీశారు. 2015లో నోబెల్ వచ్చింది. అయితే ఆ మందుని నిలబెట్టింది కొయ్య, నిప్పుల లెక్క కాదు, ఎలుకల్లో, కోతుల్లో, ఆ తర్వాత మనుషుల్లో చేసిన పరీక్షలు. సూదుల సంగతీ అంతే. ఆపరేషన్ తర్వాతా, కీమోథెరపీ తర్వాతా వచ్చే వాంతులకి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు తేల్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2003లో దాన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది, 2019లో స్వతంత్ర విధానంగా గుర్తించింది. నొప్పికి సూదులు పెట్టించుకుని హాయిగా ఉందనేవాళ్లని కాదనే పనేమీ లేదు.

పేచీ అల్లా ‘కిడ్నీ’ దగ్గరే. ఒకాయనకి నడుం నొప్పి. నాడి చూసి కిడ్నీ వీక్ అన్నారు. ఆయన హడలిపోతాడు, రక్తపరీక్షలో మాత్రం క్రియాటినిన్ మామూలుగానే ఉంటుంది. దీనివల్ల పోయేది నాలుగు రోజుల మనశ్శాంతి. రెండో రకం మనిషిది అసలు ప్రమాదం. ఉద్దానంలో కొబ్బరి దింపుకునే రైతుకి కాళ్లవాపు లేదు, బీపీ లేదు, నడుం నొప్పీ లేదు. నాడి చూసినాయన కిడ్నీ భేషుగ్గా ఉందంటాడు. ఆయన చెప్పింది ‘షెన్’ గురించి. ఈయన విన్నది తన కిడ్నీ గురించి. కిడ్నీ జబ్బు చాలాదూరం వెళ్లేదాకా ఒంట్లో ఏమీ తెలియనివ్వదు. ఉద్దానంలో జబ్బుకి కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. అందుకే తొందరగా పట్టుకోవడమే అక్కడి దారి. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది కూడా అందుకే.

మణికట్టు మీద వేలు పెట్టి క్రియాటినిన్ చెప్పగలిగినవాళ్లు ఏ వైద్యంలోనూ లేరు. దానికి రక్తం, మూత్రంలో ఆల్బుమిన్‌కి మూత్రం ఇవ్వాల్సిందే. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒళ్లు నొప్పులని రోజూ మందులషాపు గోలీలు మింగేవాళ్లు ఏడాదికోసారి ఈ రెండూ చేయించుకోవాలి. సూదులు పెట్టించుకుంటున్నా, మూలికలు మింగుతున్నా ఆ సంగతి పరీక్ష రాసే డాక్టరుకి చెప్పి, గుళికల డబ్బా కూడా వెంట తీసుకెళ్లి చూపించాలి.