ప్లాటినం లేకుండా హైడ్రోజన్ బండి నడుస్తుందా?

మలికిపురం వైపు గ్యాస్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఓఎన్‌జీసీ బావుల్ని చూస్తూనే పెరిగాం. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే హైడ్రోజన్ బస్సు అనగానే ఇక్కడ వచ్చే మొదటి ప్రశ్న: "పేలదా?"

ట్యాంకు దగ్గర జాగ్రత్త కావాల్సిందే. కానీ కరెంటు తయారయ్యే ఫ్యూయెల్ సెల్‌లో అసలు మంటే ఉండదు. ఒకపక్క హైడ్రోజన్, ఇంకోపక్క గాలి, మధ్యలో పల్చటి పొర. హైడ్రోజన్‌లోని ప్రోటాన్లు పొర దాటతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం వైరు గుండా చుట్టూ తిరిగి వెళ్లాలి, అదే కరెంటు. చివరికి అవన్నీ ఆక్సిజన్‌తో కలిసి నీళ్లవుతాయి.

చిక్కంతా ఆక్సిజన్ దగ్గరే. దాని జంట పరమాణువులు ఓ పట్టాన విడిపోవు. వాటిని త్వరగా విడగొట్టే క్యాటలిస్ట్ ప్లాటినం. ప్రపంచంలో తవ్వే ప్లాటినంలో దాదాపు 70 శాతం దక్షిణాఫ్రికాదే. పెట్రోల్ దిగుమతి మానేసి ప్లాటినం దిగుమతి మొదలెడితే ఒరిగేదేంటి?

దీనికి జవాబు ఇనుము కావచ్చు. మన రక్తంలో ఆక్సిజన్‌ని పట్టుకునేది కూడా అదేగా! హిమోగ్లోబిన్‌లో ఇనుము చుట్టూ నాలుగు నైట్రోజన్లు ఉంటాయి. దాదాపు అలాంటి అమరికే ఉన్న ఓ కోబాల్ట్ పదార్థం ఈ పని చేస్తుందని 1964లోనే రేమండ్ జాసిన్‌స్కీ చూపించాడు. 2011లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో పియోటర్ జెలెనే బృందం పాలీఅనిలిన్‌కి ఇనుము, కోబాల్ట్ కలిపి వేడిచేసి క్యాటలిస్ట్ చేసింది. అది 0.4 వోల్టుల దగ్గర 700 గంటలు నిలబడింది.

బాగానే ఉంది కదా? కానీ కారు ఫ్యూయెల్ సెల్‌కి అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న అంతిమ లక్ష్యం 8,000 గంటలు. అదీ ఆగుతూ, సాగుతూ, స్పీడు మారుతూ. డెమోలో అదరగొట్టి ప్రొడక్షన్‌లో పడిపోయే కోడ్ మా ఆఫీసుల్లో అందరికీ తెలుసు, ఇదీ అదే బాపతు. పక్కదారి పట్టిన ఆక్సిజన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. దానికి ఇనుము తోడైతే పుట్టే రాడికల్స్ కార్బన్‌నీ, పొరనీ తినేస్తాయి. లోపలుండే యాసిడ్‌కి ఇనుమూ కరిగిపోతుంది.

అన్నట్టు, ఆ కార్బన్‌ని కొబ్బరి చిప్పల నుంచి కూడా చేసి చూశారు. కోనసీమవాళ్లం మరీ ఎగిరి గంతెయ్యొద్దు, ఇందులో ఖరీదైంది ఎప్పుడూ కార్బన్ కాదు.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. లక్ష్యం రోజుకి 1,500 టన్నులు. దాంతో చేసే మిథనాల్, యూరియా వగైరా ప్రధానంగా ఎగుమతికేనట. గ్యాస్ మన దగ్గర, వాడకం ఇంకెక్కడో... ఈ కథ మనకి కొత్తా? చౌకగా, గట్టిగా నిలబడే క్యాటలిస్ట్ దొరికితే కొంతైనా మన బస్సుల్లోకి వస్తుంది.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి చెన్నైలో ప్రత్యేకంగా ఫ్యూయెల్ సెల్ సెంటర్ ఉంది. కెమిస్ట్రీ, మెటీరియల్స్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఓసారి వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూడండి.