రెండు లిపులు – ఒకే కీబోర్డు

"సిస్టమ్ పాడైంది సార్" అన్న మాట నేటి విద్యార్థి నోట ఎంత తేలికగా వెలువడుతున్నదో అధ్యాపక మిత్రులందరికీ విదితమే. తెలుగు టైపు చేస్తుండగా అక్షరాలు ఉన్నట్టుండి ఉర్దూలోకి మారితే సిస్టమ్ పాడైంది. ఎడమ అంచున మొదలైన వాక్యం కుడి అంచుకు పోయి నిలబడితే సిస్టమ్ పాడైంది. క్షణం క్రితం తెరచిన కిటికీ తెరపై ఎక్కడా కానరాకపోతే అప్పుడూ అదే మాట. నిజానికి ఈ మూడింటిలో ఏ ఒక్క సందర్భంలోనూ యంత్రానికి ఏ లోపమూ కలుగలేదు. ఎవరో రెండు మీటలను ఒకేసారి నొక్కారు. లేదా యంత్రానికి కలిపి ఉంచిన తీగ నొకదానిని ఊడదీశారు. యంత్రం తనకు అందిన ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించింది. ఆజ్ఞ ఇచ్చిన సంగతి ఇచ్చినవారికే తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

తెలుగు, ఉర్దూ రెండూ బోధించే కళాశాలల్లో ఈ చిక్కు మరికొంత ఎక్కువ. ప్రయోగశాలలోని కంప్యూటర్లలో ఇంగ్లీషుతో పాటు ఈ రెండు భాషల కీబోర్డులు కూడ అమర్చి ఉంటాయి. విండోస్‌లో ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ మీటలు కలిపి నొక్కితే ఒక భాష పోయి మరొక భాష వస్తుంది. కుడివైపు కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే పేరా మొత్తం కుడి నుండి ఎడమకు సాగే దిశకు మారిపోతుంది. ఉర్దూ వ్రాసేవారికి ఇది ప్రాణావసరమైన సౌకర్యం. తెలుగు వ్రాసేవాడి వేలు దానిపై పొరపాటున పడితే మాత్రం పేరా కుడి అంచుకు అంటుకుంటుంది. వాక్యాంతంలో ఉండవలసిన చుక్క ఎడమ కొసకు వచ్చి కూర్చుంటుంది. విద్యార్థి దానిని మధ్యకు తేవాలని స్పేస్ మీటను పదేపదే నొక్కుతాడు, వాక్యం లొంగదు. ఎడమవైపు కంట్రోల్, షిఫ్ట్ మీటలను ఒక్కసారి నొక్కితే అంతా యథాస్థానానికి వస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు.

ఆ అర నిమిషం వెచ్చించడానికి బదులుగా ఇటీవల మరొక పరిష్కారం వినవస్తున్నది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం కూడ అదే. "ఉర్దూ కీబోర్డును తీసివేస్తే గొడవే ఉండదు కదా" అంటున్నారు కొందరు. అన్నంత మాత్రాన ఊరుకోలేదు. కొన్ని చోట్ల తీసివేశారు కూడ. తీసివేసినవారికి ఆ భాషపై ద్వేషమేమీ లేదని మాకు తెలుసు. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు సులభమైన మార్గం చూపాడు. సంతకం పెట్టవలసినవారు పెట్టారు. ఒక మీట అర్థం నేర్పే ఓపిక లేక ఒక భాషనే గది వెలుపల నిలబెట్టామన్న స్పృహ ఇరువురికీ లేదు. మేము ఈ పద్ధతిని అంగీకరించలేము. రేపు తెలుగు కీబోర్డు వల్ల ఇంగ్లీషు టైపింగుకు ఆటంకమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే తర్కంతో తెలుగును కూడ తీసివేయవలసి వస్తుంది. ఆ ఫిర్యాదు రాదన్న భరోసా ఏదీ లేదు.

ఈ రెండు లిపులు కంప్యూటరు తెర ఎక్కడానికి పడిన శ్రమ తెలిసినవారు వాటిని ఇంత తేలికగా తొలగించరు. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అను కీబోర్డు పద్ధతిని ప్రామాణికంగా నిర్ణయించింది. బ్రాహ్మీ లిపి సంతతికి చెందిన మన భాషలన్నిటికీ ఒకే అమరిక. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలామట్టుకు కుడి చేతికి. తెలుగు 'క' ఉన్న మీట మీదే హిందీ 'క', కన్నడ 'క' కూడ ఉంటాయి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగుకు స్థానం లభించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు ఒక ఫాంటు చేర్చి దానికి 'గౌతమి' అని నామకరణం చేశారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలగా మన కోనసీమకు తూర్పున సాగే పాయ పేరది. ఏటిగట్టు మీద పుట్టి పెరిగిన పిల్లలకు తమ నది పేరు కంప్యూటరు ఫాంట్ల జాబితాలో ఉన్నదని ఎవరూ చెప్పరు. చెబితే వారి కళ్లల్లో కలిగే వెలుగు మేము చూశాము.

ఉర్దూ కథ ఇంతకంటె కష్టమైనది. నస్తాలిక్ లిపిలో పదం పైనుండి కిందికి ఏటవాలుగా దిగుతుంది. ప్రతి అక్షరమూ తన పొరుగు అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. అచ్చు యంత్రాలకు ఇది ఏనాడూ పూర్తిగా లొంగలేదు. అందుచేతనే ఉర్దూ పత్రికలు ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం కాతిబుల చేతిరాత మీద ఆధారపడ్డాయి. చెన్నపట్నంలో 1927లో స్థాపితమైన 'ది ముసల్మాన్' దినపత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత సైతం ఏళ్ల తరబడి చేతిరాతతోనే వెలువడింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంయోగాలను స్వయంగా వ్రాసి, మోనోటైప్ సంస్థ సహకారంతో నూరీ నస్తాలిక్‌ను రూపొందించిన తరువాతనే ఈ లిపి యంత్రానికి దారికి వచ్చింది. విండోస్‌లో నస్తాలిక్ ఫాంటు చేరడానికి 2012 వరకు ఆగవలసి వచ్చింది. ఇంత దూరం నడిచి వచ్చిన లిపిని ఒక మౌస్ నొక్కుతో సాగనంపడమా?

చట్టం మాట కూడ ఒకటి ఉన్నది. 1966లో అధికార భాషా చట్టం ద్వారా తెలుగు మన రాష్ట్రానికి అధికార భాష అయింది. 2022లో ఆ చట్టాన్ని సవరించి ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. ఆ సంవత్సరమే కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు పెరిగాయి, కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగాలూ పెరిగాయి. ఆ కుర్చీలలో కూర్చోవలసిన పిల్లలు నేడు మన తరగతి గదులలో ఉన్నారు.

తప్పంతా విద్యార్థిదని కూడ మేము అనడం లేదు. ఈ మీటల జంటలను నిర్ణయించినవారిలో ముందుచూపు గలవారూ లేనివారూ ఉన్నారు. ఐ.బి.ఎం. సంస్థ ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ తొలి పర్సనల్ కంప్యూటరు నిర్మాణ సమయంలో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటల కలయికను ఏర్పరచాడు. పొరపాటున తగలకూడదన్న ఉద్దేశంతోనే దూరదూరంగా ఉన్న మీటలను ఎంచుకున్నాడు. ఆల్ట్, షిఫ్ట్ సంగతి వేరు. అవి పక్కపక్కనే, ఎడమచేతి చిటికెన వేలికీ బొటనవేలికీ అందుబాటులో ఉన్నాయి. షిఫ్ట్ నొక్కబోయిన వేలు ఆల్ట్‌ను కూడ తాకడం సహజం. ఇది విద్యార్థి అజాగ్రత్త కాదు, అమరికలోని దోషమే. కాని దీనికి నివారణ కూడ యంత్రంలోనే ఉంచారు. విండోస్ సెట్టింగ్స్‌లో టైపింగ్ విభాగం తెరచి, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి పోతే, అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అను అంశం కనబడుతుంది. అందులో ఆల్ట్, షిఫ్ట్ జంటకు ఏ పనీ లేకుండా చేయవచ్చు. అప్పుడు భాష మార్చాలంటే విండోస్ మీటను స్పేస్‌తో కలిపి నొక్కాలి. ఇది బుద్ధిపూర్వకంగా నొక్కితే తప్ప పడదు. అదే పుటలో ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క భాషను అంటిపెట్టి ఉంచే ఏర్పాటు కూడ ఉన్నది. ఒక కిటికీలో తెలుగు వ్యాసం, పక్క కిటికీలో ఉర్దూ అనువాదం. ఒకదాని భాష రెండవదానికి అంటదు. ఉర్దూను తొలగించమని సలహా ఇచ్చిన కుర్రవాడికి ఈ పుట తెలియదు. తెలిసి ఉంటే ఐదు నిమిషాల పని.

అన్నట్టు, మన తెలుగువారు కిటికీ అంటున్నదీ ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఖిడ్కీ అంటున్నదీ ఒకే మాట. భాషలు వందల ఏండ్లుగా కలిసి కాపురం చేస్తున్నచోట మీటలు మాత్రం ఎందుకు కలహించాలి?

తెర అమరిక విషయంలో కూడ ఇలాంటి అపార్థాలే ఉన్నాయి. తెలుగుకు వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వర్డ్‌లో పంక్తుల మధ్య దూరాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' అని బిగించి ఉంచితే 'స్త్రీ' కింద వత్తు తెగిపోతుంది. నస్తాలిక్‌కైతే సగం పదమే మిగులుతుంది. ఫాంటు మంచిది కాదని నిందించి మరొక ఫాంటు కోసం వెదికేవారిని చూశాము. ఆ దూరాన్ని 'సింగిల్' అని మార్చితే చాలు. అలాగే చిన్న తెర గల లాప్‌టాపులో అక్షరాలు పెద్దవిగా కనబడాలని డిస్‌ప్లే స్కేలును నూటయాభై శాతానికి పెంచితే, కొన్ని కిటికీల అడుగుభాగం, దానితోపాటు 'ఓకే' బటను కూడ తెర దిగువకు జారిపోతాయి. స్కాలర్‌షిప్పు దరఖాస్తు అంతా నింపి, చివరి బటను కనబడక, గడువు ముగిసే రాత్రి విలపించిన విద్యార్థులున్నారు. స్కేలు తగ్గించడమో, బ్రౌజరులోనైతే కంట్రోల్‌తో మైనస్ మీట నొక్కడమో చేస్తే ఆ బటను పైకి వస్తుంది. ప్రొజెక్టరు తీగ తీసిన తరువాత కిటికీ మాయమైతే అది లేని తెర మీద నిలిచి ఉన్నదని అర్థం. ఆ కిటికీని ఎంచుకొని ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తరువాత ఎమ్ నొక్కి, ఏదో ఒక బాణపు మీటను తాకి మౌసును కదిపితే అది వెంట నడిచి వస్తుంది. కొన్ని పాత లాప్‌టాపులలో నమ్‌లాక్ పడితే ఇన్‌స్క్రిప్ట్‌లో ర, క, త రావలసిన చోట 1, 2, 3 అంకెలు వస్తాయి. దీనికి కీబోర్డు మార్పించి డబ్బు చెల్లించినవారు కూడ ఉన్నారట!

గత సంవత్సరం మేము పర్యవేక్షించిన ఒక టైపింగు పరీక్షలో రాజోలు ప్రాంతం నుండి వచ్చే విద్యార్థిని ఒకామె ఉన్నది. ఇంట ఉర్దూ మాట్లాడుతుంది; తెలుగు మా తరగతిలో అందరికంటె శుద్ధంగా వ్రాస్తుంది. మూడవ పంక్తిలో ఆమె పేరా కుడివైపుకు తిరిగింది. ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని మిగిలిన కాలమంతా కదలకుండా కూర్చున్నది. పరీక్ష నియమాల ప్రకారం ఎవరూ సాయం చేయరాదు. తరువాత అడిగితే, ఇంకేమైనా నొక్కితే మరింత పాడవుతుందేమో, ఆ ఖర్చు ఇంట్లో అడుగుతారేమో అని భయపడ్డానని చెప్పింది. ఆమెకు తెలియనిది తెలుగు కాదు, టైపింగూ కాదు. ఇంతటి తెలివితేటలను రెండు మీటలు కట్టిపడేశాయి. కంట్రోల్, జడ్ కలిపి నొక్కితే ఇంతకు ముందు చేసిన పని చాలావరకు రద్దవుతుందన్న ధైర్యమైనా మనం ఆమెకు ఇవ్వలేదు.

కోనసీమ నుండి గల్ఫు దేశాలకు పోయే యువకుల సంఖ్య అందరికీ తెలిసినదే. అక్కడి కార్యాలయాలలో అరబ్బీలో అమర్చిన కంప్యూటరు ఎదురైతే కిటికీని మూసే గుర్తు కుడిమూలన కాక ఎడమమూలన ఉంటుంది. పట్టీలన్నీ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. ఇక్కడ ఉర్దూ కీబోర్డుతో రెండు దిశల వ్రాతకూ అలవాటుపడిన విద్యార్థి అక్కడ తడబడడు. మనం అడ్డంకిగా భావించి తొలగిస్తున్నది వాస్తవంలో అతని చేతికి ఒక పనిముట్టు.

ఫోనులో మాట చెబితే అదే తెలుగులో టైపు అవుతున్నప్పుడు ఈ కీబోర్డు బాధలెందుకని ఒక సహోద్యోగి ప్రశ్నించారు. ఇంటి ఉత్తరానికి అది చాలు. పరీక్షహాలులో ఫోను ఉండదు. పైగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి, యంత్రం చూపిన నాలుగు మాటలలో ఒకటి ఏరుకునే అలవాటు పడినవారు ఏ మాటలో 'ళ' ఉన్నదో ఏ మాటలో 'ల' ఉన్నదో మరచిపోతున్నారు. పేపర్లు దిద్దే మాకు అది నిత్యానుభవం.

పాఠ్యప్రణాళికలో కంప్యూటరు పేర అబాకస్ నుండి తరాల చరిత్ర, సి.పి.యు. బొమ్మ, మెమరీ రకాలు చెబుతున్నారు. అవి ఉండవలసినవే. వాటికంటె ముందు, మొదటి వారంలోనే, కీబోర్డు దారి తప్పినప్పుడు తిరిగి రావడమెలాగో నేర్పాలని మా అభిప్రాయం. అధ్యాపకుడు కావాలనే భాష మార్చి, దిశ మార్చి, కిటికీని తెర బయటకు నెట్టి, "ఇప్పుడు సరిచేయండి" అని విద్యార్థులకు అప్పగించాలి. షిఫ్ట్‌ను ఐదుసార్లు నొక్కితే వచ్చే ప్రశ్నను విసుగుతో మూసివేసేవారికి, అది రెండు మీటలు ఒకేసారి నొక్కలేని వికలాంగుల కోసం ఏర్పాటైన సదుపాయమని కూడ అప్పుడే చెప్పాలి.

ప్రతి కంప్యూటరు పక్కన అంటించడానికి వీలుగా ఈ సవరణలన్నిటితో ఒక కాగితం తయారుచేశాము. తెలుగు ప్రతి ప్రయోగశాల గోడకు ఎక్కింది. ఉర్దూ ప్రతిని ఉర్దూ శాఖవారు వ్రాస్తున్నారు. అది పూర్తయ్యేలోగా తొలగించిన కీబోర్డును ఏ కళాశాలవారైనా తిరిగి చేర్చుకోవాలనుకుంటే పని చిన్నదే: సెట్టింగ్స్, లాంగ్వేజ్, యాడ్ ఎ లాంగ్వేజ్, ఉర్దూ.