నరం మీద నరం ఎక్కదు



చేవెళ్ల, మొయినాబాద్ మండలాల గ్రామాలలో కుటుంబాలను దర్శించుటకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది. “అయ్యగారూ, నడుము పట్టుకున్నది, నరం మీద నరం ఎక్కింది” అంటారు. తెల్లవారకముందే పూలు తెంపేవారు, రోజంతా వంగి క్యారెట్ మడులలో కలుపు తీసేవారు, టమాట పెట్టెలు బండికెత్తేవారు, బీజాపూర్ రోడ్డు మీద నగరానికి కూరగాయల వ్యాను నడిపేవారు, అందరిదీ ఇదే మాట.

నిజానికి నరం మీద నరం ఎక్కదు. చాలాసార్లు బిగుసుకొనేది కండరము. బిగుసుకొమ్మని దానికి ఆజ్ఞ ఇచ్చేది నరము. ఈ సంగతి తెలిసినయెడల మర్దన ఎలా చేయాలో, ఎప్పుడు మానాలో కూడా తెలుస్తుంది.

మన కండరాలలో కదురు ఆకారంలో సూక్ష్మమైన కావలివాండ్రు ఉన్నారు. కండరము హఠాత్తుగా సాగితే వారు వెన్నుపాముకు కబురు పంపుతారు. మెదడు తీర్పు కోసం ఆగకుండానే “ముడుచుకో” అని తిరుగు ఆజ్ఞ వస్తుంది. డాక్టరు మోకాటి చిప్ప క్రింద సుత్తితో తట్టగానే కాలు ఎగిరేది ఇందువలననే. దీనినే అసంకల్పిత ప్రతీకార చర్య అంటారు. గనుక నొప్పితో మూలుగుతున్న నడుమును మోకాలితో అదిమినా, గట్టిగా కుదిపినా కండరము ఇంకా బిగుసుకొంటుంది. గోరువెచ్చని నూనెతో, అరచేతితో, నిదానంగా, ఒకే ఒత్తిడితో రుద్దితే అది వదులవుతుంది. “ఎంత నొప్పి పుడితే అంత గుణం” అనే మాట సరికాదు.

రెండవ సూత్రము. ఒక కండరము ముడుచుకొన్నప్పుడు దాని ఎదుటి కండరము వదలాలి. ఈ విషయాన్ని వివరించిన చార్లెస్ షెరింగ్టన్ గారికి నరకణాలపై చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి లభించింది. రాత్రి పిక్క పట్టినప్పుడు పిసకడానికి తొందరపడక, కాలు చాపి వ్రేళ్ళను మీవైపు లాగండి. ముందటి కండరము పనిచేస్తే వెనుక పిక్క సడలుతుంది.

మూడవది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉంటుంది గదా! స్పర్శ తెచ్చే కబురు నొప్పి కబురుకు వెన్నుపాములో అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు.

అయితే 1990లో కెనడా పరిశోధకులు పిక్కను పిసుకుతూ కొలిచి చూడగా, పిసికినంతసేపు ప్రతీకార చర్య తగ్గి, చేయి తీయగానే మామూలైంది. కావున మర్దనతో పాటు పనిచేసే తీరు కూడా మారాలి. గంటకొకసారి నడుము నిటారుగా చేసి నాలుగడుగులు నడవండి. బరువైన పెట్టెను ఇద్దరు కలిసి ఎత్తండి.

కొన్ని చోట్ల చేయి వేయనేకూడదు. ఒక్క కాలే వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. నడుము నొప్పితో పాటు కాలు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరమున్నా, పడి ఎముకకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. సెలూన్‌లో మెడ పట్టి టక్కున తిప్పించుకొనే అలవాటు మానండి. మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు.

చివరిగా పురుషులతో ఒక మాట. పొలం నుండి వచ్చి, వంట చేసి, అత్తమామల కాళ్ళు ఒత్తి, పిల్లలకు నూనె రాసి పండుకొనే ఇల్లాలి నడుము సంగతి ఎవరు అడుగుతున్నారు? ఆమె కూడా మీతో సమానంగా వంగి పనిచేసింది. పది నిమిషాల మర్దనకు డిప్లొమా అవసరం లేదు. ఈ రాత్రే ఆమెను అడగండి. మెల్లగా ఒత్తండి.