ముందు మాట, తరువాత టీకా

మన దేశ స్త్రీలకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సరు తరువాతి స్థానం గర్భాశయ ముఖద్వార కాన్సరుది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1 లక్షా 27 వేల మంది ఈ వ్యాధి పాలైనారు. 80 వేల మంది వరకు మరణించారు. దీనికి మూలకారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దానిని నివారించే టీకా 2008 నాటికే మన దేశానికి వచ్చినా, ఏళ్ల తరబడి సామాన్యుల ఇళ్లలోని బాలికలకు అందలేదు. కారణమేమిటి?

ఆయుర్వేద వైద్యునికి ఈ ప్రసక్తి ఎందుకని కొందరనవచ్చును. నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని దూరం చేయడం, చికిత్సకు తొలిమెట్టు అని గురుకులంలో మాకు బోధించారు. సంసర్గం వలన ఒకరి నుండి మరొకరికి సంక్రమించే రోగాలను సుశ్రుతుడు ఏనాడో పేర్కొన్నాడు. ఈ వైరస్‌ను అడ్డగించడంలో టీకాకు బదులు మన కషాయం చాలునని చెప్పడం శాస్త్రమూ కాదు, ధర్మమూ కాదు.

టీకా వేసే వైద్యుల ఇబ్బందులు తక్కువవి కావు. దానిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో, గడ్డకట్టకుండా భద్రపరచాలి. ఎప్పుడో ఒకరు అడిగే మందును చిన్న ఆసుపత్రి తెచ్చి నిలువ ఉంచడం కష్టం. స్వదేశీ టీకా సెర్వావాక్ వెల సైతం 2023లో విడుదలైనప్పుడు బయట ఒక్క మోతాదుకు 2 వేల రూపాయలు ఉండేది. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. టీకాకు తగిన వయస్సు 9 నుండి 14 ఏళ్లు. పసిపిల్లల టీకాలు ముగిశాక ఆ బాలిక పిల్లల వైద్యుని వద్దకు అరుదుగా వెళుతుంది. స్త్రీల వైద్యురాలి వద్దకు పెళ్లయ్యాకే వెళుతుంది. ఇద్దరి నడుమ ఆ పిల్ల జారిపోతున్నది.

అన్నిటికంటె పెద్ద అవరోధం అపనమ్మకం. కాకినాడలో నా వద్దకు వచ్చే తల్లులు, "ఆ సూది వేయిస్తే పిల్లలు పుట్టరటండీ, నిజమేనాండీ?" అని అడుగుతుంటారు. టీకా వలన సంతానహాని కలుగుతుందనడానికి ఆధారం లేదు. అయితే వారి భయాన్ని అజ్ఞానమని తోసివేయరాదు. ఇదే గోదావరి ఒడ్డున జరిగినది గుర్తుంచుకోవాలి. 2009లో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేయించాయి. వారిలో గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. వసతిగృహాలలో అనేకచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. మరణాలకు టీకా కారణమన్న నిర్ధారణ జరుగలేదు. కాని అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా గర్హించింది.

మందు మంచిదైనంత మాత్రాన రోగిని అడుగకుండా ఇవ్వడం వైద్యం కాదు. తల్లిదండ్రులను కూర్చోబెట్టి తెలుగులో వివరించాలి. సూది వేసిన చోట నొప్పి, స్వల్ప జ్వరం రావచ్చునని ముందే చెప్పాలి. తరువాత ఏమైనా అయితే ఎవరిని అడగాలో తెలుపాలి. 9 నుండి 20 ఏళ్ల వారికి ఒక్క మోతాదు కూడా చాలవచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దీనితో ఖర్చూ శ్రమా తగ్గుతాయి.

తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. తల్లులు సిగ్గు విడిచి తెల్లబట్ట గురించి మొదట చెప్పుకొనేది మనతోనే. ఆ సమయంలో ఇంట్లో ఆడపిల్ల ఉన్నదా అని అడిగి, టీకా సంగతి చెప్పండి. ముట్లుడిగిన తరువాత గాని, భార్యాభర్తల కలయిక తరువాత గాని రక్తస్రావమైతే అశోకారిష్టంతో కాలయాపన చేయక, వెంటనే స్త్రీల వైద్యురాలి వద్దకు పంపండి. టీకా వేయించుకున్నవారికి సైతం 30 ఏళ్లు దాటాక పరీక్ష అవసరమేనని తెలియజెప్పండి.