కాంగ్రెసు గడ్డికి కలకత్తా జాతకం

సియాల్దా చేరబోతున్న రైలు కిటికీలోంచి చూస్తే పట్టాలకు ఇరువైపులా వయ్యారిభామ తెల్లగా విరగబూసి ఉంది. ఎదుటి బెంగాలీ మిత్రుడు "పార్థీనియం" అని ముక్కు మూసుకున్నాడు. మన రైతులు దానికి పెట్టిన మరో పేరు కాంగ్రెసు గడ్డి. పి.ఎల్. 480 గోధుమలతోబాటు కాంగ్రెసు ప్రభుత్వం ఈ పీడను దిగుమతి చేసుకున్నదన్నది జనశ్రుతి. ఆ ఒప్పందంపై సంతకాలు జరిగింది 1956 ఆగస్టులో. మొక్కను పుణెలో గుర్తించింది 1955 ప్రాంతంలో. అంతకుముందూ అమెరికా గోధుమలు వచ్చిన మాట నిజమే. కాని కలకత్తా (పాత అలవాటు, పాఠకులు మన్నించాలి) చెప్పే సాక్ష్యం మరింత పాతది. మన సామర్లకోటలో మొక్కలు పెంచి, 1793లో హుగ్లీ ఆవలి గట్టున శివ్‌పూర్ వనానికి అధిపతిగా వెళ్లిన రాక్స్‌బర్గ్ దొర జాబితా 1814లో అచ్చయింది. అందులో దీని పేరున్నది. కాంగ్రెసు పుట్టడానికి అప్పటికింకా 71 ఏళ్లు!

బెంగాలు ఇలాంటి నింద ఇదివరకూ వేసింది. చెరువులను కప్పివేసిన గుర్రపుడెక్కను మొదటి ప్రపంచ యుద్ధకాలంలో 'జర్మన్ పానా' అన్నారు. శత్రువు పేరు పెట్టినంతలో బాధ్యత తీరదని ఆ తరం త్వరగానే గ్రహించింది. 1921లో జగదీశ్ చంద్ర బోసు అధ్యక్షతన సంఘం వేశారు. మందు పిచికారీని ఆ సంఘం ఆమోదించలేదు. 1936లో చట్టం వచ్చింది. చెరువు ఎవరి స్వాధీనంలో ఉంటే తొలగించే పూచీ వారిదే. 1937 ఎన్నికల ప్రణాళికలలో గుర్రపుడెక్క నిర్మూలన ముఖ్య వాగ్దానం. గెలిచిన ఫజులుల్ హక్ ప్రభుత్వం ఆ పని చేయించింది కూడా.

నేడు మందు చల్లితే చాలదా అనే వారున్నారు. గ్లైఫోసేట్ నిలిచిన మొక్కను చంపుతుంది, నేలలోని విత్తనాన్ని ముట్టదు. ఒక్కొక్క మొక్క వేలకు వేలు విత్తులు రాలుస్తుంది. పోటీగా నిలిచే పచ్చికను, తగిరిసను కూడా ఆ మందే మాడ్చివేస్తే, తదుపరి వానకు ఖాళీ నేలను ఆక్రమించేది మళ్లీ వయ్యారిభామే. పైగా ఈ నగరపు మురుగునీరు తూర్పు చిత్తడి నేలలలో చేపలను పెంచుతుంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన 12,500 హెక్టార్లవి. వీధి పక్కన చల్లినదానిలో కొంతైనా కాలువ వెంట ఆ చెరువులకు పోదని పూచీ పడగలవారెవరు?

2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరొకరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మన పత్తి చేలలో ఆ ఉత్తర్వు ఎంతమాత్రం అమలైనదో రైతులకే ఎరుక. ఎవరు చల్లవచ్చునో అది చెప్పింది. ఎవరు పీకి తీరాలో చెప్పలేదు. పట్టాల పక్క నేల రైల్వేది, వీధి అంచు కార్పొరేషనుది, ఖాళీ స్థలం ఏ భాగ్యవంతునిదో. 1936 నాటి ప్రాంతీయ శాసనసభ వేసిన ముడి ఇక్కడ వేసేవారు లేరు.

శివ్‌పూర్ నుంచి తిరిగి వస్తుండగా రోడ్డు పక్కన నలుగురు కూలీలు పూతకొచ్చిన వయ్యారిభామను వట్టి చేతులతో పీకుతున్నారు. ఒకామె మోచేతుల దాకా దద్దుర్లు. తొడుగులు ఇవ్వలేదా అని అడిగాను. కాంట్రాక్టరును అడగమన్నది. అతడెక్కడుంటాడో ఆమెకూ తెలియదు.